పండగ పూట వాన మాటెందుకు

నిరుడు దసరాల్లో ఒక సాయంత్రం బెజవాడ దుర్గమ్మ దర్శనానికి వినాయకుడి గుడి దగ్గర క్యూలో నిలబడ్డాం. నేనూ, మా అత్తయ్యా, మా చిన్నాడూ. చినుకులు మొదలయ్యాయి. నెత్తిన కొంగులు కప్పుకుని ముందుకి నాలుగడుగులు, ఆగడం, మళ్లీ నాలుగడుగులు. పైన మైకులో ఒకాయన అలుపు లేకుండా చెబుతున్నాడు. ఎర్ర చొక్కా వేసుకున్న నాలుగేళ్ల బాబు తప్పిపోయి మా దగ్గరున్నాడు, పేరడిగితే ‘చిన్నోడు’ అంటున్నాడు, వాళ్ల అమ్మగారు ఎక్కడున్నా రావాలి. అది కాగానే, ఎవరూ నదిలోకి దిగొద్దు, ఘాట్లలో షవర్లు పెట్టాం, అక్కడే స్నానాలు చెయ్యండి. అదీ కాగానే మళ్లీ చిన్నోడు. మా వాడి చేతికి కూడా పోలీసులు నా ఫోన్ నంబరు రాసిన ట్యాగు చుట్టారు. ఇంటికొచ్చాక రెండు రోజులు దాన్ని తియ్యనివ్వలేదు వాడు.

అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని నడుస్తూ, "ఆ రోజు మనకీ ఇట్టా ఒకడు చెప్పుంటే సరిపోను గదమ్మాయ్" అన్నారు. ఏ రోజని నేను అడగలేదు. మా సింగ్‌నగర్ వైపు వాళ్లకి ‘ఆ రోజు’ అంటే ఒకటే రోజు, వరద నీళ్లు ఇళ్లలోకి వచ్చిన రోజు. అప్పటికి నెల దాటింది, అంతే. ఇంట్లో గోడలు ఇంకా ఆరలేదు.

ఆ మాట పట్టుకుని ఈ ఏడాదంతా వాదిస్తూనే ఉన్నాను. మా ఆయనతో, ఒక స్నేహితురాలితో, ఎక్కువసార్లు నాతో నేనే. ఇక్కడ రాసుకుంటే కానీ తెగేలా లేదు.

నీళ్లు వచ్చిన ఆదివారం

2024 ఆగస్టు 31, శనివారం. ఆ వాన సంగతి బెజవాడ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు పోయారని విని, అయ్యో అనుకుని, మన వీధిలో మోకాలు లోపే కదా అని పడుకున్నాం. వచ్చే శనివారం వినాయక చవితి. అప్పటికే వీధి మొదట్లో పందిరి కర్రలు పాతేశారు, మైకు సెట్టు కూడా తెచ్చి పందిరి పక్కింట్లో పెట్టారు.

ఆదివారం తెల్లారేసరికి మా దగ్గర వాన తెరిపిచ్చింది. వాన తగ్గాక నీళ్లు పెరగడం మొదలెట్టాయి. వాన లేకుండా నీళ్లు పెరుగుతుంటే మనసు ఒప్పుకోదండీ. డ్రైనేజీ పొంగిందేమో అనుకున్నాం. గడపకి అడ్డంగా గోనెసంచి మడిచి పెట్టాం. గోనెసంచి! కాసేపటికి మంచం కోళ్లు మునిగాయి. మధ్యాహ్నానికి ఫ్రిజ్ వెల్లకిలా పడి వంటింట్లోంచి హాల్లోకి తేలుతూ వచ్చింది. మేం అప్పటికి ఓనరు గారి మేడ మీద ఉన్నాం, కిటికీలోంచి కనపడిందని మా ఆయన చెప్పారు. నేను చూడలేదు, చూడబుద్ధి కాలేదు.

నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయో ఆ తర్వాత మేడ మీద కూర్చుని తీరిగ్గా తెలుసుకున్నాం. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకి పోయే బుడమేరు. వెలగలేరు దగ్గర దాన్ని పక్కకి మళ్లించి కృష్ణలో కలిపే కాలవ. ఆ కాలవ కట్టకి గండ్లు. కృష్ణలో కలుద్దామంటే కృష్ణే నిండుగా ఉంది, సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 వరదని మించి. దాంతో ఏరు తన పాత దారి పట్టింది. ఆ పాత దారిలో ఇప్పుడు మేం ఉంటున్నాం. ఇదంతా మా వీధిలో ఐదో తరగతి పిల్లలు కూడా బొమ్మ గీసి చెబుతారు.

నా ప్రశ్న వేరే. వెలగలేరు నుంచి మా వీధికి నీళ్లు గాల్లో ఎగిరి రాలేదు. ఊళ్లు దాటుకుంటూ, పొలాలు నింపుకుంటూ, గంటలు పట్టి వచ్చాయి. ఆ గంటల్లో నీళ్లకన్నా ముందు ఒక మాట రాలేకపోయిందా?

అసలు ఎవరికీ చెప్పలేదని నేననను. చెప్పామనేవాళ్లున్నారు. కరెంటు లేని రాత్రి, ఆ హోరువానలో తలుపులు బిగించుకుని పడుకున్నవాళ్లకి ఎంత అరిచినా వినపడదనేవాళ్లున్నారు. అదీ నిజమే కావచ్చు. ఫోన్‌కి మెసేజ్ వచ్చిన సంగతి నాకు గుర్తుంది. భారీ నుంచి అతి భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది, అప్రమత్తంగా ఉండండి అని. అప్రమత్తంగానే ఉన్నాం. గొడుగు తలుపు పక్కన పెట్టుకున్నాం.

పదకొండు జాకెట్లు

మా ఎదురింటావిడ జాకెట్లు కుడుతుంది. శ్రావణం, చవితి, దసరా, ఈ మూడూ కలిపితే ఆవిడకి ఏడాదిలో సగం సంపాదన. ఆ శనివారం రాత్రి కరెంటు పోయేదాకా కుట్టి, హుక్కులు మాత్రం వెయ్యాల్సిన పదకొండు జాకెట్లు మిషను పక్కన బుట్టలో పెట్టి పడుకుంది. ఆదివారం ముందు పిల్లల్ని మేడ ఎక్కించింది. తర్వాత గ్యాస్ బండ. తర్వాత బియ్యం డబ్బా. నాలుగోసారి దిగబోతే మెట్ల దగ్గరే నడుం లోతు నీళ్లు, పైనుంచి అందరం కేకలేశాం దిగొద్దని.

నీళ్లు తీశాక ఆ బుట్ట మిషను కాళ్ల మధ్య ఇరుక్కుని దొరికింది. నేను పక్కనే ఉన్నాను. బురద ముద్దలోంచి ఒక్కోటీ తీసి బకెట్లో జాడిస్తోంది. కుంకుమరంగు పట్టుగుడ్డ ఒకటి రంగు కారి మిగతావాటికి అంటుకుంది. పసుపు జాకెట్టు భుజం మీద, తెల్ల లైనింగుల మీద, ఎవరో కావాలని అద్దినట్టు. ఆకుపచ్చది ఒకటి మాత్రం ఎలాగో తప్పించుకుంది. దాని అంచున వేలెడు మేర బురద గీత, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. దాన్ని మూడుసార్లు ఉతికి, ఇస్త్రీ చేసి, హుక్కులు కుట్టి ఇచ్చేసింది. కూలి తీసుకోలేదు.

కింది అంతస్తు మునిగిన ఇళ్లకి ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది, పై అంతస్తుల వాళ్లకి 10 వేలు. ఆవిడకీ పడ్డాయి. అందులోంచి పది గుడ్డలకీ లెక్క కట్టి ఎవరివి వాళ్లకి ఇవ్వబోయింది. చాలామంది వద్దన్నారు. ఇద్దరు తీసుకున్నారు. వాళ్లని నేను తప్పు పట్టను, వాళ్ల ఇళ్లూ మునిగాయి.

వరద నష్టమంటే మనకి పైనుంచి తీసిన ఫోటోలు గుర్తొస్తాయి. కప్పులు తప్ప ఏమీ కనపడని కాలనీలు. ఆ నష్టాన్ని ఒక మాట ఆపేది కాదు, ఒప్పుకుంటాను. ఫ్రిజ్ ఎలాగూ మునిగేది, మంచాలు ఎలాగూ పాడయ్యేవి. కానీ ఒక్క బుట్టలో పట్టే నష్టం కూడా ఒకటుంటుంది. పిల్లల సర్టిఫికెట్లు, మిషను మోటారు, బీపీ మాత్రలు, మా మావయ్యగారి ఫోటో, అప్పు కాయితం, పదకొండు జాకెట్లు. ఇవి మేడెక్కించడానికి పడవలూ హెలికాప్టర్లూ అక్కర్లేదు. రెండు గంటల ముందు తెలియాలి, అంతే.

మేడ మీద మైకు

చెప్పుకోవాల్సింది ఇంకోటుంది. ఆ వారం మా వీధిలో నిజంగా పనికొచ్చింది చవితి పందిరి మైకే.

సోమవారం పొద్దున్నే కమిటీ కుర్రాళ్లు పక్కింటి మేడ మీదికి చేరేసిన యాంప్లిఫయర్‌కి ఆటో బ్యాటరీ తగిలించారు. సౌండ్ బాక్సు ఒకటే పనిచేసింది. దాంట్లోంచి మొదట వచ్చిన మాట "హలో, హలో, మైక్ టెస్టింగ్". చుట్టూ నీళ్లు, మేడల మీద జనం, ఆకలి, అందులో మైక్ టెస్టింగ్. అందరం నవ్వాం. ఆ తర్వాత ఇక ఎవరూ నవ్వలేదు. పాల పడవ మెయిన్ రోడ్డు దాకా వచ్చింది, తాడు పట్టుకుని ఇద్దరే రండి. నీలం రంగు మేడ మీద బాలింత ఉంది, ముందు అటు పంపండి. వాటర్ టిన్నులు ఇంటికి ఒకటే, రెండు తీసుకున్నవాళ్లు పక్క మేడకి ఇవ్వండి. కరెంటు స్తంభం దగ్గర మ్యాన్‌హోల్ మూత లేదు, అటు నడవకండి.

డ్రోన్లు అన్నం పొట్లాలు తెచ్చాయి, అవి ఫోటోల్లోకి ఎక్కాయి. మా మైకు ఎక్కలేదు. మ్యాన్‌హోల్ సంగతి ఏ డ్రోనూ చెప్పలేదు మరి.

చవితి నాటికి కూడా కింద నీళ్లూ బురదే. బుడమేరు మూడో గండి పూడ్చింది ఆ రోజే. మట్టి బొమ్మ దొరకలేదు, పత్రి దొరకలేదు. ఓనరు గారి హాల్లో అత్తయ్య పసుపు ముద్దతో వినాయకుణ్ని చేశారు. సర్కారు వాళ్లు ఇచ్చిన 25 కిలోల బియ్యంలోంచి గుప్పెడు తీసి నానబెట్టి, మిక్సీ లేదు కాబట్టి రోట్లో దంచి ఉండ్రాళ్లు చేశారు. మూడు కుటుంబాలకి తలా రెండొచ్చాయి. కథాక్షతలు నెత్తిన వేసుకున్నాక అత్తయ్య, "ఈసారి చంద్రుణ్ని చూసినా చూడకపోయినా ఒకటే, పడాల్సిన నిందలన్నీ ముందే పడ్డాం" అన్నారు.

మైకు పెడితే నీళ్లు ఆగుతాయా

ఇది మా ఆయన మాట. ఏరు ఎటు పోవాలో అటు పోనివ్వాలి, కట్టలు గట్టి చెయ్యాలి, ఏట్లో కట్టిన ఇళ్లు తియ్యాలి, ఆ అసలు పని అడగకుండా ఈ మైకుల గోలేంటి నీకు, అంటారు. మాట చక్కగా చెప్పే ఏర్పాటు ఉంటే, కాలవ బాగుచెయ్యాల్సిన వాళ్లకి అదొక సాకు అవుతుందంటారు. ‘చెప్పాం కదా, మీరే వినలేదు’ అని తప్పు మన నెత్తినే వేస్తారట.

బలమైన వాదన. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పైగా ‘ఏట్లో కట్టిన ఇళ్లు’ అన్నప్పుడల్లా మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోం. మేం అద్దెకున్న స్థలం ఒకప్పుడు ఏమిటో ఓనరు గారిని అడిగే ధైర్యం మాకు లేదు. ఊళ్లో మిగతా చోట్లకన్నా ఇక్కడ అద్దె ఎందుకు తక్కువో అర్థం కావడానికి పెద్ద చదువులక్కర్లేదు కదా.

కృష్ణ ఒడ్డునున్న కృష్ణలంకకి రిటైనింగ్ వాల్, అంటే వరద ఆపే గోడ, కట్టారు. 2024లో అంత వరదలోనూ అది ఆ ఇళ్లని కాచింది. దాని కోసం వాళ్లు ఎన్నేళ్లు మంచాలు నెత్తిన పెట్టుకుని పునరావాస కేంద్రాలకి పోయారో అక్కడివాళ్లని అడగండి. మాకూ అలాంటి పని ఏదో జరుగుతుంది, జరగాలి. ఆలోగా ప్రతి ఏడూ భాద్రపదం వస్తూనే ఉంటుంది. గోడ కట్టేదాకా మాట కూడా వద్దనడం నాకు ఎక్కదు.

రెండో వాదన ప్రభుత్వోద్యోగం చేసే నా స్నేహితురాలిది. మూడుసార్లు వస్తుందని చెప్పి రాకపోతే నాలుగోసారి ఎవరూ కదలరు, తిట్టేది మమ్మల్నే, అంటుంది. నిజమే. నిరుడు నీళ్లు తీసిన కొద్దిరోజులకే ‘బుడమేరుకి మళ్లీ గండి’ అని ఫోన్లలో తిరిగింది. వీధి వీధంతా పరుగో పరుగు. అప్పుడే కొన్న పరుపు మేమిద్దరం మెట్ల మీదుగా లాక్కెళ్లాం. చుక్క నీరు రాలేదు. అత్తయ్య నడుం పట్టేసి రెండు రోజులు లేవలేదు. కానీ ఆ పుకారు ఎందుకు పుట్టింది? చెప్పాల్సిన చోటు నుంచి మాట రాకపోతే ఆ ఖాళీలోకి ఎవడి మాటైనా వస్తుంది. దసరా క్యూలో కూడా ‘దర్శనం ఆపేశారంట’ అని ఎవడో అంటాడు. పైన మైకు కాదంటుంది. అక్కడితో సరి.

మూడోది ఎవరి వాదనా కాదు, మా ఇంటి తప్పు. ఆ శనివారం రాత్రి ఓనరు గారి అబ్బాయి కిందికొచ్చి, "మామ్మగారూ, ఎందుకైనా మంచిది, పైకొచ్చి పడుకోండి" అన్నాడు. "2005లో కూడా ఇట్టాగే గడప దాకా వచ్చి వెనక్కిపోయింది నాయనా" అన్నారు అత్తయ్య. నేనూ ఏమీ అనలేదు. మనిషి వచ్చి మొహం మీద చెప్పినా కదలని వాళ్లం మైకు చెబితే కదిలేవాళ్లమా?

దీని గురించే ఎక్కువ ఆలోచించాను. ‘ఎందుకైనా మంచిది’ అంటే ఎవరమూ కదలం. కూరలో ఉప్పు చూసినట్టు తల ఊపి ఊరుకుంటాం. ఏట్లో నీళ్లు ఫలానా చోటికి వచ్చాయి, తెల్లారేసరికి మీ వీధికి వస్తాయి, నడుం దాకా ఉంటాయి, అని ఉంటే అత్తయ్య గడప లెక్క పనిచేసేది కాదేమో. ఏమో అనే రాస్తున్నాను.

టీవీలో వచ్చే అంకెలు మాకెందుకు పనికిరావో కూడా అప్పుడే తెలిసింది. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలైతే రెండోది. ఏళ్ల తరబడి వినీ వినీ నోటికొచ్చేశాయి. అవి కృష్ణ లెక్కలు. మా గుమ్మంలోకి వచ్చింది కృష్ణ కాదు. వానాకాలమంతా ఊరు ఊరంతా బ్యారేజీ గేట్ల వంక చూస్తుంటే, వెనక నుంచి వచ్చిన ఏటి గురించి మాకు రోజూ చెప్పేవాడు లేడు. చెప్పినా క్యూసెక్కుల్లో చెబుతాడు. క్యూసెక్కు మా ఇంటి మెట్ల మీద ఎన్నో మెట్టో ఎవరికి తెలుసు?

శుభమా అని

వాన వచ్చి పండగ పాడు చేసిందంటాం. నాకు అది తిరకాసుగా తోస్తుంది. భాద్రపదంలో చవితి, ఆశ్వయుజంలో దసరా, ఆ నెలాఖర్న దీపావళి. కృష్ణకి ఎగువ నుంచి వరద దిగేదీ, బంగాళాఖాతంలో ఒకదాని తర్వాత ఒకటి అల్పపీడనాలు పుట్టేదీ ఆ రోజుల్లోనే. వాన పిలవకుండా పండక్కి వచ్చిన చుట్టం కాదు. ఇల్లు వానది, మనమే అందులో పండగ చేసుకుంటున్నాం.

కొండ మీద దుర్గమ్మ గుడికి ఈ సంగతి తెలుసు. నదిలో వరద ఎక్కువగా ఉన్న ఏడాది అమ్మవారిని ఊరేగించే హంస వాహనాన్ని నది మధ్యకి తిప్పరు, ఘాట్ దగ్గరే ఉంచి పూజ చేస్తారు. అపచారమని ఎవరూ అనరు. ఏ పూట ఎటు నుంచి రావాలో, ఎక్కడ ఆగాలో, చెప్పులెక్కడ విడవాలో పది అడుగులకొకసారి చెబుతారు. అంత చక్కగా నోరున్న ఊరికి, ఏరు వస్తోందని చెప్పాల్సి వచ్చేసరికి గొంతు పడిపోతుంది.

ఇందులో మన మర్యాద కూడా కొంత ఉంది. పండగ పూట అశుభం పలకకూడదు. ఈ ఆగస్టులో కమిటీ కుర్రాళ్లు చందాకి వచ్చినప్పుడు నాకది బాగా అర్థమైంది. ఐదొందలిచ్చి, ఒక షరతు పెట్టాను. రోజూ సాయంత్రం పాటలు పెట్టే ముందు బుడమేరులో నీళ్లెలా ఉన్నాయో మైకులో చెప్పాలి. వాళ్లు సరే అక్కా అన్నారు. వాళ్లతో వచ్చిన పెద్దాయన మాత్రం, "శుభమా అని పందిరేస్తూ వరద మాటెందుకమ్మా" అన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. నిరుడు ఆయన స్కూటరు పోయింది, కిరాణా కొట్లో సరుకంతా పోయింది. ఆ మాట వినడం ఇష్టం లేకపోవడానికి ఆయనకి నాకన్నా ఎక్కువ కారణాలున్నాయి.

చివరికి రాజీ కుదిరింది. పాటలకి ముందు కాదు, హారతి అయ్యాక ప్రసాదం పంచేటప్పుడు చెబుతారు. దేవుడు పులిహోర హడావుడిలో ఉంటాడు, వినపడదు అన్నాడు ఒకడు.

మొదటి రోజు ఆ అబ్బాయి ఫోన్లో ఏదో చూసి ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో ఇంత అని చదివాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అదీ బ్యారేజీదే! రెండో రోజు తెలివి తెచ్చుకుని వెలగలేరు వైపు ఉండే వాళ్ల బావకి ఫోన్ చేశాడు. ఏటి గట్టు కింద ఎప్పట్నుంచో ఒక పాత లారీ టైరు కూరుకుపోయి ఉందట. "టైరు మొత్తం కనపడుతోందంట, నీళ్లు మామూలుగానే ఉన్నాయంట" అని మైకులో చెప్పాడు. ఎదురింటావిడ అప్పటిదాకా మిషను ఆపి వింటోంది. టైరు మాట వినగానే మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. కుట్టినవి ఇప్పుడు కింద ఉంచదు లెండి. హుక్కులు వెయ్యకపోయినా సరే, రాత్రికి బుట్ట ఓనరు గారి మేడ మీదే.

మూడో రోజు టైరు సగమే కనపడుతోందన్నాడు. ఆ రాత్రి మా వీధిలో నాలుగు ఇళ్ల వాళ్లు సర్టిఫికెట్లు పైకి పంపారు. నాలుగో రోజు మళ్లీ మొత్తం కనపడింది. పెద్దాయన నవ్వి, చెప్పానా అన్నట్టు నా వంక చూశారు. నేనూ నవ్వాను.

తొమ్మిదో రోజు నిమజ్జనం అయిపోయింది. మర్నాడు మైకు సెట్టు వాళ్లు వచ్చి బాక్సులు ఆటోలో వేసుకుని పోయారు. పందిరి కర్రలు పీకిన గుంటల్లో నీళ్లు నిలిచాయి. ఆ సాయంత్రం మబ్బు పట్టి జల్లు మొదలైంది. ఎదురింటావిడ మిషను ఆపి, గుమ్మంలోకి వచ్చి నన్ను కేకేసింది.

"టైరు కనపడుతోందంటనా, కనుక్కున్నారా?"